ప్రొస్టేట్‌కు టమాటా మంచిదంటున్నారు, మరి ఈ బిళ్లల సంగతేంటి?

ప్రశ్న: మా వారికి 62 ఏళ్లు. ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. రాత్రిళ్లు నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తుంటే డాక్టరుకు చూపించాం. ప్రొస్టేట్ గ్రంథి పెరిగిందని చెప్పి రోజూ వేసుకోవడానికి బిళ్ల రాశారు. పీఎస్‌ఏ పరీక్షలో 5.8 వచ్చింది, మూడు నెలల తర్వాత మళ్లీ చేయించమన్నారు. ఈలోగా అమెరికాలో ఉన్న మా మరిది ఒక సీసా పంపాడు. దాని మీద లైకోపీన్ 15 మిల్లీగ్రాములు, విటమిన్ ఇ 400 యూనిట్లు, సెలీనియం 200 మైక్రోగ్రాములు అని ఉంది. లైకోపీన్ టమాటాల్లో ఉండేదేనట, ప్రొస్టేట్‌కు చాలా మంచిదట. అవి అయిపోవస్తున్నాయని ఇక్కడ మెడికల్ షాపులో కూడా లైకోపీన్ బిళ్లలు తెచ్చిపెట్టాం. వాటి మీద "లైకోపీన్ 10% – 5 మి.గ్రా." అని రాసి ఉంది. ఇప్పుడు రాత్రి రెండుసార్లే లేస్తున్నారు. అందుకని ఇక పరీక్ష అక్కర్లేదంటున్నారు. ఎనిమిది నెలలైంది. ఇంకో మాట. ఆయనకు ఒకప్పుడు కిడ్నీలో రాయి వచ్చింది. అప్పటినుంచీ మా అత్తగారు ఇంట్లో టమాటా వండనివ్వరు. టమాటా మానేసి టమాటా బిళ్లలు మింగడమేమిటో నాకు అర్థం కావడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, అనంతపురం

జవాబు: అమ్మా, మీకు అర్థం కాకపోవడం సహజమే, మీ అనుమానం సరైనదే. టమాటా సంగతి తీరిగ్గా చెబుతాను. ముందు పరీక్ష సంగతి. మూడు నెలలకు చేయించాల్సింది ఎనిమిది నెలలైనా చేయించలేదన్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఈ వారంలోనే ఆయన్ను యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి.

భయపెట్టాలని కాదు. పీఎస్‌ఏ అనేది ప్రొస్టేట్ గ్రంథి తయారుచేసే ఒక ప్రొటీన్, అది కొద్దికొద్దిగా రక్తంలోకి వస్తుంటుంది. వయసుతో గ్రంథి పెరిగినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఆ అంకె పెరుగుతుంది. పరీక్షకు ముందు రెండు రోజుల్లో భార్యాభర్తలు కలిసినా, సైకిల్ ఎక్కువసేపు తొక్కినా కొంచెం ఎక్కువ చూపిస్తుంది. 4 నుంచి 10 మధ్య వచ్చినవారిలో దాదాపు నలుగురిలో ముగ్గురికి అది క్యాన్సర్ కాదు. కానీ ఆ నాలుగో మనిషి సంగతి మళ్లీ పరీక్ష చేస్తే తప్ప తేలదు. అందుకే డాక్టరు మూడు నెలలు గడువిచ్చి రమ్మన్నారు.

"రాత్రి రెండుసార్లే లేస్తున్నాను, తగ్గిపోయింది" అనే మాటలో ఒక పొరపాటు ఉంది. లేవడం తగ్గింది చాలావరకు డాక్టరు రాసిన బిళ్ల వల్ల అయి ఉంటుంది. టామ్సులోసిన్ లాంటి మందులు మూత్రం దారి దగ్గర బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తాయి, కొన్ని రోజుల్లోనే హాయి తెలుస్తుంది. గ్రంథి వాపు వేరు, క్యాన్సర్ వేరు. తొలిదశలో ఉన్న ప్రొస్టేట్ క్యాన్సర్ చాలామందిలో ఏ లక్షణమూ చూపించదు. కాబట్టి మూత్రం సాఫీగా రావడాన్ని బట్టి పీఎస్‌ఏ సంగతి చెప్పలేం.

ఆయన వేసుకుంటున్న మందు పేరు కూడా ఒకసారి చూడండి. అందులో ఫినాస్టెరైడ్ గానీ డ్యుటాస్టెరైడ్ గానీ ఉంటే, ఆరు నెలలు వాడేసరికి పీఎస్‌ఏ అంకె సుమారు సగానికి పడిపోతుంది. రేపు పరీక్షలో 3 వచ్చిందనుకోండి, "చూశావా, లైకోపీన్ పనిచేసింది" అని ఇంట్లో సంబరపడతారు. కానీ ఆ మందు వాడుతున్నవారిలో డాక్టరు ఆ 3ని రెట్టింపు చేసి 6 గా లెక్కేసుకుంటారు. అందుకని రిపోర్టు చూపించేటప్పుడు వాడుతున్న ప్రతి బిళ్ల పేరూ చెప్పాలి, మరిది పంపిన సీసాతో సహా. మూత్రంలో రక్తం కనిపించినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా, చలిజ్వరం వచ్చినా, నడుములో ఎముక నొప్పి పట్టుకుని వదలకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే వెళ్లండి.

మగవాళ్లు ఈ విషయంలో ఎందుకు వాయిదా వేస్తారో నాకు ఇంట్లోనే తెలుసు. మా నాన్నగారు మూత్రం ఇబ్బంది గురించి రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు. కోడళ్లున్న ఇంట్లో ఆ మాట ఎలా ఎత్తాలని సిగ్గు. పెళ్లికి వెళ్తే ముందు బాత్‌రూమ్ ఎక్కడుందో చూసుకుని దాని పక్కనే కుర్చీ వేసుకునేవారు. ఆ కుర్చీ చూసే మా అమ్మ కనిపెట్టింది. డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే భయం, సిగ్గు రెండూ అడ్డం. బిళ్ల అయితే ఎవరికీ ఏమీ చెప్పకుండా మింగేయొచ్చు. మీ వారిదీ అలాంటి ఇబ్బందే అయితే కోప్పడకండి, పక్కన కూర్చుని "నేనూ వస్తాను" అనండి.

ఇక లైకోపీన్ దగ్గరికి వద్దాం. టమాటాకు ఎర్ర రంగు ఇచ్చేదే లైకోపీన్. ఎర్ర కండ ఉన్న బొప్పాయిలో, పుచ్చకాయలో, లోపల గులాబీ రంగులో ఉండే జామకాయలో కూడా అదే. క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్‌కు ఇది దగ్గరి చుట్టం, కాకపోతే శరీరం దీన్ని విటమిన్ ఎ గా మార్చుకోలేదు. తిన్న లైకోపీన్ రక్తంలోకి చేరాక కాలేయంలోనూ, వృషణాల్లోనూ, ప్రొస్టేట్‌లోనూ పోగవుతుంది. ప్రొస్టేట్‌తో ముడిపెట్టి పరిశోధకులు దీని వెంటపడడానికి ఇదీ ఒక కారణమే.

దీనికి పేరొచ్చింది 1995 లో. అమెరికాలో హార్వర్డ్ పరిశోధకులు 47,894 మంది మగవాళ్ల ఆహారాన్ని కొన్నేళ్లపాటు గమనించారు. టమాటాతో చేసినవి వారానికి పదిసార్లకు పైగా తినేవారిలో ప్రొస్టేట్ క్యాన్సర్ 35 శాతం తక్కువగా కనిపించింది. అందులో నాకు ఆసక్తిగా అనిపించేది ఇంకొకటుంది. మంచి ఫలితం బాగా కనిపించింది ఉడికించిన టమాటా సాస్ తినేవారిలో. టమాటా జ్యూస్ తాగినవారిలో ఆ తేడా కనిపించలేదు. ఎందుకో వంట సంగతి దగ్గర చెబుతాను.

తర్వాత ఉత్సాహం కొంత చల్లారింది. రక్తంలో లైకోపీన్ ఎంతుందో కొలిచి చూసిన పెద్ద అధ్యయనాలు 2007 లో ఒకటి, 2011 లో ఒకటి వచ్చాయి. లైకోపీన్ ఎక్కువున్నవారికి ప్రొస్టేట్ క్యాన్సర్ తక్కువేమీ కాలేదు. 2005 లోనే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ లెక్కలన్నీ ముందేసుకుని చూసింది. టమాటా తినడానికీ ప్రొస్టేట్ క్యాన్సర్ తగ్గడానికీ ఉన్న ఆధారం చాలా పలచన అంది. విడిగా లైకోపీన్ బిళ్లకైతే నమ్మదగ్గ ఆధారమే లేదని తేల్చింది. టమాటా బాగా తినేవాళ్లు మిగతా కూరగాయలూ బాగానే తింటారు, ఒళ్లు కూడా చూసుకుంటారు. మేలు దేనివల్ల కలిగిందో విడదీసి చెప్పడం కష్టం. టమాటా రోజూ తినదగ్గ మంచి కూరగాయ. పెరిగిన గ్రంథిని లైకోపీన్ తగ్గిస్తుందనీ, పీఎస్‌ఏను దించుతుందనీ ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి.

మీ మరిది పంపిన సీసా గురించి నా కంగారు లైకోపీన్‌తో కాదు, దాని పక్కనున్న వాటితో. విటమిన్ ఇ 400 యూనిట్లు, సెలీనియం 200 మైక్రోగ్రాములు. సరిగ్గా ఈ మోతాదులతోనే 2001 లో ఒక భారీ పరీక్ష మొదలైంది, సెలెక్ట్ అని దాని పేరు. 35,533 మంది మగవాళ్లకు ఇవి విడివిడిగానూ, కలిపీ, ఉత్తుత్తి బిళ్లలుగానూ పంచి ఇచ్చారు. ప్రొస్టేట్ క్యాన్సర్ తగ్గుతుందని ఆశ. ఏమీ ప్రయోజనం కనిపించక 2008 లో బిళ్లలు ఆపించేశారు. ఆ తర్వాత కూడా వాళ్లను గమనిస్తూ ఉంటే 2011 నాటికి తేలిందేమంటే, విటమిన్ ఇ ఒక్కటే వేసుకున్నవారిలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువైంది. రెండూ కలిపి వేసుకున్నవారిలో అంత పెరుగుదల కనిపించలేదు గానీ మేలూ కలగలేదు. ప్రొస్టేట్‌ను కాపాడుతుందని మింగిన బిళ్ల ఫలితం ఇది. అందుకే సీసాలో ఇంకా మిగిలి ఉంటే ఆపేయమంటాను. డాక్టరు రాసిన మందు మాత్రం మానకూడదు. మీ మరిది ప్రేమతోనే పంపాడు, ఈ లెక్క ఆయనకూ చెప్పండి, అక్కడ తనూ అదే వాడుతున్నాడేమో.

మీ వారికి సిగరెట్టో బీడీయో అలవాటుంటే ఇంకో జాగ్రత్త. యాంటీఆక్సిడెంట్ అని అమ్మే చాలా బిళ్లల్లో బీటా కెరోటిన్ కలుపుతారు. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మీద జరిగిన పరీక్షలో బీటా కెరోటిన్ రోజూ 20 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. ఆ ఫలితం 1994 లో వచ్చింది. కూరగాయలో ఉన్నప్పుడు మేలు చేసేది బిళ్లగా పెద్ద మోతాదులో వెళ్తే అలాగే పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు.

ఇక్కడ కొన్న బిళ్లల లేబుల్ చూడండి. "లైకోపీన్ 10% – 5 మి.గ్రా." అంటే సాధారణంగా పది శాతం లైకోపీన్ ఉన్న పొడి 5 మిల్లీగ్రాములు వేశారని అర్థం. అందులో అసలు లైకోపీన్ అర మిల్లీగ్రామే. వంద గ్రాముల పచ్చి టమాటాలో సుమారు రెండున్నర మిల్లీగ్రాముల లైకోపీన్ ఉంటుంది. మీరు డబ్బు పెట్టి కొన్న బిళ్లలో ఉన్నది ఇరవై గ్రాముల టమాటాలో ఉన్నంత, అంటే చిన్న టమాటాలో పావు ముక్క. మీ అత్తగారు వద్దన్న టమాటాలో పావు ముక్కను మీరు రేకు చించి తీసి మింగిస్తున్నారన్నమాట.

ఇప్పుడు వంట. ఇది మీ చేతిలో ఉన్న పని. మీ ఇంట్లో పాత తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఏదైనా ఉంటే, అందులో టమాటా కూర పెట్టి పంపిన రోజులు గుర్తు చేసుకోండి. సబ్బు ఎంత పెట్టి తోమినా ఎర్రటి మరక పోదు. ఆ మరకలో ఉన్నది చాలావరకు లైకోపీనే. నీళ్లలో కరగదు, నూనెలోనే కరుగుతుంది, నూనె పట్టిన ప్లాస్టిక్‌ను కూడా అంటుకుంటుంది. డబ్బాకు రెండు చుక్కల నూనె రాసి కాసేపాగి కడిగితే మరక చాలావరకు వదులుతుంది. మన పేగుల్లోనూ ఇదే పద్ధతి. పక్కన కాస్త నూనెగానీ నెయ్యిగానీ లేకపోతే లైకోపీన్ రక్తంలోకి సరిగా ఎక్కదు.

వేడి చేసే పని వేరు. పచ్చి టమాటాలో లైకోపీన్ కణాల గోడల మధ్య గట్టిగా బందీ అయి ఉంటుంది. ఉడికితే ఆ గోడలు విచ్చుకుని బయటికొస్తుంది. జర్మనీ శాస్త్రవేత్తలు 1992 లో టమాటా రసాన్ని ఒక శాతం నూనె కలిపి గంటసేపు మరిగించి ఇచ్చారు, రక్తంలో లైకోపీన్ పెరిగింది. మరిగించని రసం తాగినప్పుడు పెరగలేదు. హార్వర్డ్ లెక్కలో సాస్‌కీ జ్యూస్‌కీ అంత తేడా రావడానికి కారణం ఇదే అయి ఉంటుందని నా నమ్మకం. 2002 లో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు టమాటాను 88 డిగ్రీల వేడిలో ఉంచి చూశారు. అరగంటలో విటమిన్ సి 29 శాతం పోయింది, వాడుకోవడానికి వీలైన లైకోపీన్ మాత్రం రెండున్నర రెట్లు దాటింది. వండితే సారం పోతుందని మనం అనుకునే మాట విటమిన్ సి విషయంలో నిజం, లైకోపీన్ విషయంలో తిరగబడుతుంది.

ఇదంతా మీకు కొత్త వంట కాదు. బాణలిలో రెండు చెంచాల వేరుశనగ నూనె వేసి, తాలింపు చిటపటలాడాక టమాటా ముక్కలు వేసి మూత పెడతాం కదా. కారం వేయకముందే ఒకసారి మూత తీసి చూడండి. ముక్క తోలు వదిలి మెత్తబడి ముద్దయ్యాక అంచుల వెంట నూనె నారింజ రంగులో తేలుతుంది. పసుపు వేయకుండా చూస్తే ఆ రంగు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అది లైకోపీన్ నూనెలోకి దిగుతున్న గుర్తు. "నూనె తేలేదాకా మగ్గనివ్వు" అని మా అమ్మమ్మ రుచి కోసమే చెప్పేది. టమాటాను ఆమె రామములక్కాయ అనేది.

చారు విషయంలో ఒక పొరపాటు చాలా ఇళ్లలో చూస్తాను. టమాటాలు ఉడకబెట్టి పిసికి, పులుసు తీసుకుని, తోలూ పిప్పీ పారేస్తారు. లైకోపీన్ ఎక్కువగా ఉండేది ఆ తోలులో, దాని కిందున్న కండలోనే. పుల్లటి నీళ్లు ఉంచుకుని ఎరుపు పారేసినట్టవుతుంది. పిప్పిని మిక్సీలో ఒక తిప్పు తిప్పి చారులోనే కలిపేయండి, పోపు నెయ్యితో పెట్టండి.

కాయ బాగా ఎర్రగా పండాలి. దోరకాయలు తెస్తే బయటే ఒక పళ్లెంలో పెట్టి పండనివ్వండి, ఫ్రిజ్‌లో పెడితే పండడం ఆగిపోతుంది. ఎర్రబడ్డాక ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. మీ అనంతపురం ఎండల్లో మే నెల కాయలు కొన్ని ఎరుపెక్కకుండా పసుపుగానే ఉండిపోతాయి, గమనించే ఉంటారు. వేడి 30 డిగ్రీలు దాటితే కాయలో లైకోపీన్ సరిగా తయారవదు. ఆ రోజుల్లో పుచ్చకాయ ముక్కలు తినండి, వంద గ్రాములకు లైకోపీన్ టమాటాలో కంటే ఎక్కువే, వండక్కర్లేకుండానే ఒంటికి పడుతుంది. ఎర్ర బొప్పాయి కూడా మీ వైపు బాగా పండుతుంది కదా. షుగరు ఉంటే మాత్రం పండ్లు కొలత చూసుకుని తినాలి.

నిల్వ పచ్చడి జోలికి ఎక్కువ పోవద్దు. లైకోపీన్ ఉన్నమాట నిజమే కానీ ఉప్పు విపరీతం, బీపీ ఉన్నవాళ్లకు మంచిది కాదు. కెచప్‌లోనూ లైకోపీన్ ఉంటుంది, చక్కెరా ఉంటుంది. టమాటా తింటే గొంతులోకి పులిత్రేన్పులు వచ్చేవారు తగ్గించుకోవాల్సిందే.

అత్తగారి భయం గురించి. పెద్దావిడ కొడుకు పడ్డ బాధ కళ్లారా చూశారు, వద్దనడంలో తప్పేమీ లేదు. కానీ తప్పు టమాటాది కాదు. కిడ్నీలో రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం, ఆగ్జలేట్ కలిసి కట్టేవి. వంద గ్రాముల టమాటాలో ఆగ్జలేట్ కొద్ది మిల్లీగ్రాములే ఉంటుంది. అదే పాలకూరలో వందల మిల్లీగ్రాములు. పాలకూర టమాటా పప్పు తిని రాయి వచ్చిందంటే చెడ్డపేరు టమాటాకు వచ్చింది గానీ, అనుమానించాల్సింది పాలకూరను. గింజలు కిడ్నీలోకి పోయి రాయి కడతాయన్నది కూడా నిజం కాదు, అవి పేగులు దాటి ఎక్కడికీ పోవు. రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కువుందని, అంటే కిడ్నీల పనితీరు తగ్గిందని తేలితే అప్పుడు కథ వేరు. టమాటాలో పొటాషియం ఉంటుంది కాబట్టి ఎంత తినాలో డాక్టరునే అడగాలి.

రాయి విషయంలో నాకు టమాటా కంటే నీళ్ల గురించే ఎక్కువ దిగులు. రాత్రి లేవాల్సి వస్తుందని ఈ వయసు మగవాళ్లు రోజంతా నీళ్లు తగ్గించేస్తారు. మూత్రం చిక్కబడితే మళ్లీ రాయి కట్టడానికి అదే దారి. మీ వారు నీళ్లు పొద్దున లేచినప్పటి నుంచి సాయంత్రం ఆరులోపు బాగా తాగాలి, ఆ తర్వాత తగ్గించుకోవాలి. సాయంత్రం తర్వాత టీ, కాఫీ మానేస్తే రాత్రి లేవడం ఇంకొంచెం తగ్గుతుంది. రాత్రి లేచేటప్పుడు మంచం మీద ఒక నిమిషం కూర్చుని లేవమనండి. ప్రొస్టేట్ మందుల్లో కొన్నింటికి గభాలున లేస్తే కళ్లు తిరుగుతాయి.

ఎక్కువ తింటే ఏమవుతుందని అడుగుతారేమో. 1960 లో అమెరికాలో ఒకావిడ రోజుకు రెండు లీటర్ల చొప్పున టమాటా జ్యూస్ కొన్నేళ్లు తాగితే ఒంటి రంగు నారింజగా మారిందని వైద్య పత్రికలో వచ్చింది. మీరు అంత దూరం పోరు. వారంలో నాలుగైదు రోజులు ఇంట్లో అందరికీ వండే పప్పులోనో కూరలోనో మనిషికి ఒకటి రెండు టమాటాలు పడితే చాలు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక సంచిలో పాత పీఎస్‌ఏ రిపోర్టు, రాయి వచ్చినప్పటి స్కాన్ కాగితం ఉంటే అదీ, రోజూ వేసుకునే మందు అట్ట, అమెరికా సీసా, ఇక్కడ కొన్న బిళ్లల అట్ట అన్నీ పెట్టుకోండి. ఆయన చెప్పడానికి మొహమాటపడితే మీరు సంచి తెరిచి బల్ల మీద పెట్టండి. రిపోర్టు వచ్చాక నాకొక ముక్క రాయండి, ఎదురుచూస్తుంటాను.